సిస్టర్ గారూ, స్కాన్ నార్మల్ అన్నారు, మరి నా తలనొప్పి ఏంటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు ఎక్కువ భాగం తలనొప్పి గురించే. అందుకే బీపీ, షుగర్, నడుం నొప్పి ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పెట్టేసి ఈసారి ఇదొక్కటే తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు బాగా పొడుగైపోయింది, ఎడిటర్ గారు కొంచెం తగ్గించమన్నారు కానీ నావల్ల కాలేదు, మిగతావాటిని కుదించాను. ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, ఇరవై రెండేళ్ళు న్యూరో వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మందులు రాసివ్వను. ఎక్కడికి వెళ్ళాలో, వెళ్ళి ఏం చెప్పాలో మాత్రం చెప్తాను.

ప్రశ్న: సిస్టర్ గారూ నమస్తే. మాది పెదజాలారిపేట. నా వయసు 33, ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఇద్దరు పిల్లలు. నాలుగేళ్ళ బట్టి తలనొప్పి. ముందు వారానికోసారి వచ్చేది, ఇప్పుడు రోజూ ఉంటోంది, తెల్లవారి లేచేసరికే తల దిమ్ముగా పట్టేసి ఉంటాది, పడుకుంటే తగ్గుతుందంటారు కదా, నాకు పడుకుంటేనే ఎక్కువవుతోంది. చెవిలో ఎప్పుడూ హోరు. మాది సముద్రం ఒడ్డు కదా, సముద్రం హోరే అనుకునేదాన్ని, దసరాకి పెందుర్తి అమ్మవాళ్ళింటికి వెళ్తే అక్కడా అదే హోరు. వంగి గుడ్డ కత్తిరించి లేచేటప్పుడు కళ్ళ ముందు నల్లగా పరదా వేసినట్టు అయిపోయి మళ్ళీ వెంటనే వచ్చేస్తోంది. సూదిలో దారం బాగానే ఎక్కిస్తాను గానీ ఈమధ్య బీచ్ రోడ్డు మీద దూరంగా వచ్చే బస్సు పక్కపక్కన రెండు బస్సుల్లాగ కనిపిస్తోంది. సీటీ తీశారు, రెండేళ్ళ కిందట ఎమ్మారై తీశారు, నార్మల్ అన్నారు. గ్యాస్ అన్నారు, సైనస్ అన్నారు, చెవిలో గుబిలి తీశారు, కళ్ళద్దాలు రెండుసార్లు మార్చాను, టెన్షన్ అని నిద్రమాత్ర ఇచ్చారు. అత్త దిష్టి తీసింది, సింహాచలం మొక్కుకున్నాం. ఇప్పటికి లక్ష పైన అయిపోయింది. మా ఆయన మంచోడే, కానీ ఆయన కూడా స్కాన్లో ఏటీ లేదన్నారు కదా ఇంకేటి అంటున్నాడు. నాకు నిజంగా ఏదైనా ఉందా, లేకపోతే నేనే ఊహించుకుంటున్నానా? ఇంకో స్కాన్ తీయించుకోవాలా? ఈ మూడేళ్ళలో పన్నెండు కేజీలు పెరిగాను, అది కూడా చెప్పమంటే చెప్తున్నాను.

జవాబు: తల్లీ, నువ్వు అనే అంటాను, నా కూతురి వయసుదానివి.

నీ ఉత్తరం కింద ఫోన్ నంబరు ఉంది కాబట్టి అది చదివిన సాయంత్రమే నీకు ఫోన్ చేసి, పొద్దున్నే ముందు కంటి ఆసుపత్రికి వెళ్ళమని చెప్పేశాను. పత్రిక వచ్చేదాకా ఆగే సంగతి కాదు అది. మళ్ళీ ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, నీలాగే ఏళ్ళ తరబడి ఫైలు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు, ఆ ఫైలు చూసీ చూసీ విసిగిపోయిన వాళ్ళ ఇంట్లోవాళ్ళు కూడా చదవాలని.

నువ్వు ఊహించుకోవడం లేదు. ఊహించుకునేవాళ్ళకి పెందుర్తి దాకా వెంటవచ్చే హోరు ఎలా ఉంటుందో తెలీదు, దూరం బస్సు రెండై దగ్గర దారం ఒకటే ఉండాలని అస్సలు తెలీదు. ఆ ఒక్క వాక్యం చదివి నేను తింటున్న కంచం పక్కన పెట్టేశాను.

ఎందుకో చెప్తాను. మెదడు తలలో నీటి మీద తేలుతున్నట్టు ఉంటుంది, ఆ నీటిని వార్డులో సీఎస్‌ఎఫ్ అంటాం. ఒక్కసారికి ఉండేది 150 మిల్లీలీటర్లే, ఒక టీ గ్లాసుడు. కానీ రోజుకి అర లీటరు దాకా కొత్తది ఊరుతూ ఉంటుంది, అంత పాతదీ రక్తంలోకి ఇంకిపోతూ ఉండాలి. ఇంకాల్సింది సరిగ్గా ఇంకకపోతే ప్రెషర్ పెరుగుతుంది, పుర్రె సాగేది కాదు కదా, ఇక ఆ ఒత్తిడి లోపలున్న నరాల మీద పడుతుంది. పడుకుంటే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది, అందుకే తెల్లవారుజామున లేచేసరికి దిమ్ము. హోరు సంగతి చూడు, నీ నాడి మీద వేలు పెట్టి విను, నాడి కొట్టుకున్నప్పుడల్లా హోరు కూడా లయగా వస్తోందేమో. అలా వస్తే అది చెవి గుబిలి కాదు, రక్తం పారే చప్పుడు. కంటి నరం చుట్టూ కూడా ఇదే నీటి తొడుగు ఉంటుంది, అక్కడ ఒత్తిడి ఎక్కితే నరం మొదలు వాస్తుంది, వంగి లేచినప్పుడు కొన్ని సెకన్లు పరదా పడడం దానివల్లే. ఇక బస్సు. కనుగుడ్డుని బయటి పక్కకి తిప్పే నరం ఒకటుంది, ఆరో నరం, తలలో చాలా దూరం ప్రయాణం చేసి వస్తుంది, ప్రెషర్ పెరిగితే ముందు దెబ్బతినేవాటిలో అదొకటి. దగ్గరి వస్తువు చూసేటప్పుడు రెండు కళ్ళూ ఎలాగూ ముక్కు వైపే తిరుగుతాయి కాబట్టి సూది దగ్గర తేడా తెలీదు, దూరం చూసినప్పుడు కన్ను బయటికి తిరగలేక రెండు బస్సులు. ఒక కన్ను మూసి చూస్తే ఒకే బస్సు కనిపిస్తుందా? కనిపిస్తే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పు.

ఇవన్నీ కలిపి చూస్తే మొదట అనుమానించాల్సింది తలలో ప్రెషర్ పెరగడం. వేరే కారణం ఏదీ దొరక్కుండా అలా పెరిగితే దానికి ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్ అని పేరు, పొట్టిగా ఐఐహెచ్. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళలో, అందులోనూ ఈమధ్య బరువు పెరిగినవాళ్ళలో ఎక్కువ వస్తుంది. బరువు పెరగడం నీ తప్పని కాదు ఈ మాట, డాక్టరు అడిగితే దాచకుండా చెప్పడానికి. నీకు ఖాయంగా ఇదేనని నేను అనను, పరీక్ష చేస్తే గానీ ఎవరూ అనకూడదు. కానీ ఈ అనుమానం తీరేదాకా టెన్షన్ అనే మాట ఎవరూ వాడకూడదు.

మరి స్కాన్ నార్మల్ కదా అంటావు. స్కాన్ని మనం ఏది అడిగామో దానికే అది జవాబు చెప్తుంది. నీ సీటీని అడిగింది తలలో గడ్డ ఉందా, రక్తం కారిందా అని, లేదని చెప్పింది, మంచిదే, అది పనికొచ్చే మాటే. ప్రెషర్ ఎంతుందో దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పగలిగేది కాదు. ఎమ్మారైలో కొన్ని గుర్తులు కనిపించొచ్చు, మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి కూర్చునే గుంట ఖాళీగా ఉన్నట్టు కనిపించడం, కనుగుడ్డు వెనక భాగం కాస్త చదునుగా అయిపోవడం లాంటివి, కానీ అవి చిన్న గుర్తులు, వెతుకుతూ చూస్తేనే దొరుకుతాయి, కొంతమందిలో ఉండవు కూడా. అందుకని రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్ళకు, పాత ఫిల్ములు, సీడీ మొత్తం పట్టుకెళ్ళు, కొత్త అనుమానంతో పాత ఫిల్ము చూస్తే కొత్త సంగతి కనిపించడం నేను చాలాసార్లు చూశాను.

ఇంకో సంగతి, తలలోంచి రక్తం తిరిగి కిందకి తెచ్చే సిరలు ఉంటాయి, వాటిలో రక్తం గడ్డ కడితే కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. దానికి ఎమ్మార్ వీనోగ్రామ్ అని వేరే చూడాలి, మామూలు ఎమ్మారైలో తప్పిపోవచ్చు. అందుకే అడుగుతున్నాను, వ్రతానికో తీర్థయాత్రకో నెలసరి వాయిదా వెయ్యడానికి మాత్రలు వాడావా? గర్భం రాకుండా మాత్రలు? మొటిమలకి డాక్సీసైక్లిన్ గానీ ఐసోట్రెటినోయిన్ గానీ? మొదటి రెండూ రక్తం గడ్డకట్టడానికి దోహదం చేసే అవకాశం ఉంది, మొటిమల మందులు తలలో ప్రెషర్ పెంచగలవు. ఆడవాళ్ళు ఈ మాత్రల్ని మందులుగా లెక్కపెట్టరు, ఏం వాడుతున్నావమ్మా అంటే ఏమీ లేదంటారు. అట్టలు సంచిలో వేసుకుని వెళ్ళు.

ముందు కంటి ఆసుపత్రి అన్నది ఎందుకంటే, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు మార్చి అక్షరాలు చదివించడం వేరు, కంట్లో చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక వెనక నరం చూడడం వేరు. నీ ఫైలు ఫోటోలు పంపావు కదా, మొత్తం చూశాను, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఈ రెండో పరీక్ష చేసినట్టు లేదు. ఫండస్ పరీక్ష అంటారు. దానికి కావలసిన పరికరం 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త తయారుచేశాడు, ఎమ్మారై పుట్టడానికి వందేళ్ళకి పైగా ముందు. నరం మొదలు మామూలుగా గుండ్రటి బిళ్ళలా అంచు తేటగా ఉంటుంది, వాపు ఉంటే ముగ్గు మీద చినుకు పడినట్టు అంచు చెదిరిపోయి కనిపిస్తుంది. పది నిమిషాల పని. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, ఎండ కళ్ళలోకి కొడుతుంది, కాబట్టి స్కూటీ మీద ఒక్కదానివే వెళ్ళకు, మీ ఆయన్ని తీసుకెళ్ళు. హనుమంతువాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, నీకు ఏది వీలైతే అది. వాపు ఉందంటే అదే రోజు న్యూరో, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌కి వెళ్తావో ఇంకెక్కడికి వెళ్తావో, ఇంటికి మాత్రం వెళ్ళకు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా చెల్లి. ఊరు, ఆసుపత్రి పేర్లు చెప్పను. మూడేళ్ళు దానికి ఇదే తలనొప్పి, ఇదే హోరు, పెళ్ళి కుదరని బెంగ అన్నారు, ఖాళీ కడుపు గ్యాస్ అన్నారు. నేను న్యూరో వార్డులోనే పనిచేస్తూ, ఫోన్లో అది చెప్పినప్పుడల్లా నీళ్ళు బాగా తాగు, ఫోన్ చూడడం తగ్గించు అని చెప్పాను, రోజూ పక్క మంచాల మీద చూసే జబ్బు నా ఇంట్లో ఉందని నాకు తోచలేదు. ఒకరోజు గుమ్మం అంచుకి భుజం కొట్టుకుంది, మర్నాడు మళ్ళీ అదే భుజం. అప్పుడు తెలిసింది పక్క చూపు పోయిందని. ఐఐహెచ్‌లో చూపు అంచుల నుంచి పోతుంది, మధ్యలో బాగానే ఉంటుంది, గోడ మీద అక్షరాలన్నీ చదివేస్తారు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మందులతో నొప్పి తగ్గింది, మిగిలిన చూపు నిలబడింది, ఎడమ కంట్లో పోయిన అంచు మాత్రం తిరిగి రాలేదు. నీకు కంటి పరీక్ష చేసినప్పుడు ఫీల్డ్ టెస్ట్ కూడా చేస్తారా అని అడుగు, చుక్క వెలుతురు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష అది.

వాపు ఉంటే స్కాన్లు మళ్ళీ చూసి తర్వాత వెన్నులోంచి నీరు తీస్తామంటారు. అక్కడే మనవాళ్ళు సంతకం పెట్టకుండా పారిపోతారు, నడుం పడిపోతుందని, కాళ్ళు చచ్చుబడతాయని. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది, సూది వేసేది దానికి కింద, నీటిలో సన్నటి నరాల పోగులు మాత్రమే తేలుతున్నచోట. 1891లో క్విన్కే అనే జర్మన్ డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది, నేను కొన్ని వందలమంది భుజం పట్టుకుని పక్కన నిలబడ్డాను. పక్కకి తిప్పి పడుకోబెట్టి మోకాళ్ళు పొట్టకి, గడ్డం ఛాతీకి ఆనించి రొయ్యలా ముడుచుకోమంటాం. మత్తు సూది చురుక్కుమంటుంది, తర్వాత ఒత్తినట్టు ఉంటుంది. నీరు రాగానే కాళ్ళు కొంచెం చాపి ఊపిరి బిగబట్టకుండా ఉండమంటాం, సూదికి సన్నటి గొట్టం నిలువుగా తగిలిస్తారు, దానిమీద సెంటీమీటర్ల గీతలు. నీరు మెల్లగా ఎక్కుతుంది, ఊపిరితో పాటు సన్నగా ఊగుతూ ఒకచోట నిలుస్తుంది. మామూలుగా 20 లోపు ఆగుతుంది, 25 దాటితే ఎక్కువ అన్నట్టే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి 37 దాకా ఎక్కింది, తను గోడ వైపు తిరిగి ఉంది కాబట్టి నేనే చదివి చెప్పాను, వెంటనే ఏడ్చేసింది. నొప్పా అమ్మా అంటే, కాదు సిస్టర్, ఆ అంకె కాగితం మీద రాసి మా అత్తకి ఇవ్వండి అంది. నీరు తీశాక కొందరికి రెండు మూడు రోజులు కూర్చుంటే తలనొప్పి రావచ్చు, ముందే తెలిసుంటే భయపడవు. ఇంకో మాట, గొట్టం పెట్టి ప్రెషర్ కొలవకుండా నీరు మాత్రం తీసి ల్యాబ్‌కి పంపితే నీ విషయంలో సగం పని పోయినట్టే, ప్రెషర్ కూడా కొలుస్తారు కదండీ అని అడగడంలో తప్పు లేదు.

తేలితే మందు ఉంది. ఎసిటజోలమైడ్ అనేది ఎక్కువగా వాడతారు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, సోడా తాగితే రుచి మారిపోతుంది, భయపడి మానెయ్యకు. సల్ఫా మందులు పడకపోయినా, కిడ్నీలో రాళ్ళున్నా ముందే చెప్పు. ఒంటి బరువులో పదో వంతు తగ్గినా చాలామందికి ప్రెషర్ బాగా దిగుతుంది. చూపు ఆగకుండా పోతుంటే ఆపరేషన్లు కూడా ఉన్నాయి.

కంట్లో వాపు లేదనుకో. అప్పుడు కథ అయిపోలేదు, మారింది అంతే. రెండు బస్సులకీ చెవిలో హోరుకీ కారణం వెతకాల్సే ఉంటుంది, ఆ పరీక్షల తర్వాత ఏమీ లేకపోతే అప్పుడు మైగ్రేన్ మాట. మైగ్రేన్ అంటే ఏమీ లేదని కాదు, దేశంలో చాలామంది ఆడవాళ్ళని మంచాన పడేసే నిజమైన నరాల జబ్బు అది, నెలలో 15 రోజులు, అంతకు మించి తలనొప్పి, అందులో కనీసం ఎనిమిది రోజులు మైగ్రేన్ లక్షణాలతో, మూడు నెలల పైన ఉంటే దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు, రాకుండా ఆపే మందులు ఉన్నాయి.

ఇప్పుడు ఓపీలో ఏం చెప్పాలో. నీకు దొరికేది ఐదు నిమిషాలు, మన ఓపీలో వెనక యాభైమంది ఉంటారు, శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్ళు. లోపలికి వెళ్ళగానే నాలుగేళ్ళ బట్టి తలనొప్పండీ, ఎక్కడెక్కడో చూపించామండీ అని మొదలుపెడితే ఆ ఐదు నిమిషాలూ పాత చీటీలు తిప్పడంలోనే అయిపోతాయి. ఇలా మొదలుపెట్టు: పడుకుంటే ఎక్కువవుతోంది, వంగితే చూపు పోయి వస్తోంది, దూరంవి రెండుగా కనిపిస్తున్నాయి, నాడితో పాటు చెవిలో హోరు. అంతే, ఒక్క ఊపిరిలో. గ్యాస్ అన్నారు సైనస్ అన్నారు అని ముందు వాళ్ళ మాటలు చెప్పకు, నీ ఒంట్లో ఏం జరుగుతోందో అదే చెప్పు.

పిల్లల పాత నోట్సు ఒకటి తీసుకుని రోజూ రెండు లైన్లు రాయి. నా దగ్గర ఒకామె రాసిన పేజీ ఉంది, ఇలా ఉంటుంది: "మంగళవారం. తెల్లారి నాలుగున్నరకి నొప్పికి మెలకువ. లేచి కూర్చున్నాక అరగంటకి కొంచెం నయం. దగ్గితే తల వెనక పొడిచింది. మాత్ర వెయ్యలేదు. కళ్ళు రెండుసార్లు నల్లబడ్డాయి, బిందె ఎత్తేటప్పుడు." డాక్టరు గారు ఆ పేజీ చూశాక నాలుగు ప్రశ్నలే అడిగారు. నొప్పి ఎప్పుడు, ఏ పొజిషన్‌లో, ఎంతసేపు, దాంతో పాటు ఇంకేం వస్తోంది, ఇవి నీకు తప్ప ఏ మెషీన్‌కీ తెలీవు తల్లీ.

ఇది చదువుతున్న మీ ఆయనకి కూడా ఒక మాట. బాబూ, నువ్వు మంచివాడివని తనే రాసింది. స్కాన్లో ఏటీ లేదంటే గడ్డ లేదని, నొప్పి లేదని కాదు. ఓపీ గదిలోకి నువ్వు కూడా వెళ్ళు, దూరంగా నడిచే మనుషులు తనకి రెండుగా కనిపిస్తున్నారని నువ్వు చెప్పు. ఆడదాని మాట మొగుడు చెప్తే వినే గదులు ఇంకా ఉన్నాయి, అది నాకు బాధే, కానీ ఇప్పుడు పని జరగాలి.

ప్రశ్న: నా వయసు 46, గాజువాక, షిఫ్టు డ్యూటీ. ఎనిమిదేళ్ళుగా సైనస్ తలనొప్పి. రోజుకి రెండు మాత్రలు వేసుకుంటే గానీ డ్యూటీ చెయ్యలేను, ఒక్కోసారి మూడు. మాత్ర వేస్తే నాలుగు గంటలు బాగుంటుంది, మళ్ళీ మామూలే. అన్ని టెస్టులూ నార్మల్. అసలు జబ్బు ఏదో ఎవరూ కనిపెట్టలేకపోతున్నారు.

జవాబు: మీరు జబ్బు పేరు ఉత్తరంలోనే రాసేశారు. రోజుకి రెండు మాత్రలు.

తలనొప్పి ఉన్న మనిషి నెలలో 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు మూడు నెలలకి పైగా వాడితే, ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చి పెడతాయి. రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు చాలు. మీ అట్ట వెనక చూడండి, పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ గానీ ఇంకోటి గానీ ఉంటే మీది రెండో లెక్క. మొదట ఉన్నది బహుశా మైగ్రేన్ అయ్యుంటుంది, షిఫ్టు మారినప్పుడల్లా నిద్ర తప్పి, తిండి వేళ తప్పి వచ్చేది. సైనస్ అనుకునే తలనొప్పుల్లో చాలావరకు మైగ్రేనే, నిజం సైనస్ అయితే జ్వరం, ముక్కులోంచి పసుపుపచ్చగా చిక్కగా రావడం ఉంటుంది, ఎనిమిదేళ్ళు రోజూ ఉండదు. క్యాలెండర్ మీద మాత్ర వేసిన ప్రతిరోజూ గుండ్రం చుట్టండి, నెలాఖరుకి అది తీసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. సొంతంగా ఒక్కసారి మానేస్తానని పంతం పట్టకండి, మానిన మొదటి వారం పది రోజులు నొప్పి రెట్టింపవుతుంది, దానికి తోడు మందు, నొప్పి రాకుండా రోజూ వేసే వేరే మందు ఆయన ఇస్తారు. ఆ పది రోజులకి సెలవు పెట్టుకోండి. కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ కూడా ఒకసారి చేయించండి, ఎనిమిదేళ్ళంటే చిన్న మాట కాదు.

ప్రశ్న: మధురవాడ నుంచి రాస్తున్నాను మేడమ్. నా భార్యకి సిజేరియన్ అయి 12 రోజులు. నడుంలో మత్తు సూది ఇచ్చారు. మొదటి నాలుగు రోజులు కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే హాయిగా ఉండేది, సూది వల్ల అన్నారు. ఇప్పుడు పడుకున్నా తగ్గట్లేదు, రెండుసార్లు వాంతి. పెద్దవాళ్ళు బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదంటున్నారు.

జవాబు: మీకూ ఫోన్ చేశాను, ఇది మిగతా ఇళ్ళ కోసం. కూర్చుంటే వచ్చి పడుకుంటే పోయేది మత్తు సూది తలనొప్పి నిజమే, నీరు కాస్త బయటికి కారి తలలో ప్రెషర్ తగ్గడం వల్ల. కానీ ఆ పద్ధతి మారింది చూడండి, ఇప్పుడు పడుకున్నా ఉంది. బాలింతకి అలా మారితే ఆ రోజే ఆసుపత్రి. ముందు బీపీ చూడాలి, కాన్పు తర్వాత కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. రెండోది పైన చెప్పిన తల సిరల్లో రక్తం గడ్డ, మన దగ్గర బాలింతల్లో చూసే జబ్బు, ఒంట్లో నీరు తగ్గితే ఆ ముప్పు పెరుగుతుంది. నీళ్ళు ఇవ్వండి, అడిగినంత ఇవ్వండి, పెద్దవాళ్ళని బతిమాలి అయినా. ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యి బలహీనపడినా 108కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68. గోపాలపట్నం. నెలన్నర బట్టి కణతల దగ్గర నొప్పి, అక్కడ దువ్వెన తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. అన్నం నమిలేటప్పుడు దవడ నొప్పి వచ్చి మధ్యలో ఆగి మళ్ళీ తింటారు, పళ్ళ డాక్టరు పళ్ళు బాగానే ఉన్నాయన్నారు. మొన్న కుడి కన్ను పది నిమిషాలు మసకబారి మళ్ళీ బాగైంది. వయసు కదా అంటున్నారు అందరూ.

జవాబు: అమ్మా, వయసు కాదు. 50 దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి, కణత తాకితే నొప్పి, నమిలితే దవడ నొప్పి, కన్ను మసకబారడం, ఈ నాలుగూ కలిస్తే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అనే రక్తనాళాల వాపు అనుమానించాలి. మనవాళ్ళలో తక్కువే, అందుకే ఎవరికీ వెంటనే తట్టదు. మసకబారి వచ్చిన కన్ను ఇంకోసారి మసకబారితే తిరిగి రాకపోవచ్చు, తర్వాత రెండో కన్ను. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రెండు రక్తపరీక్షలు చేస్తారు, అనుమానం గట్టిగా ఉంటే కణత దగ్గరి రక్తనాళం ముక్క తీసి చూసేదాకా కూడా ఆగరు, స్టెరాయిడ్ అదే రోజు మొదలుపెడతారు. షుగర్ ఉంటే చెప్పండి, అయినా మందు ఆపరు, షుగర్‌ని వేరే చూసుకుంటారు.

మీరు రాసిన ఫోన్ నంబర్లో తొమ్మిది అంకెలే ఉన్నాయి. చివర ఒక అంకె వేసి వేసి పది నంబర్లకీ చేశాను, ఎవరూ మీరు కాదు. ఎడిటర్ గారిని బతిమాలి ఈ పేజీ మూడు రోజులు ముందు ప్రింటు చేయించాం. గోపాలపట్నం, ఎన్ఏడీ జంక్షన్ వైపు ఎవరైనా ఇది చదివి, అన్నం మధ్యలో దవడ పట్టుకుని ఆగిపోయే పెద్దాయన మీ వీధిలో ఉన్నారని తెలిస్తే వెళ్ళి తలుపు కొట్టండి. ఈ పేజీ ఇచ్చి, పళ్ళ డాక్టరు కాగితం కూడా పట్టుకుని ఇవాళే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమని, కన్ను మసకబారిందన్న మాట ముందు చెప్పమని చెప్పండి.